ఇరవై ఏడు ఖాళీలు

ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో ఒత్తులమ్మ ఏనాడూ అర్థం జోలికి పోలేదు. ఆమె పని అక్షరాలు. దీర్ఘం ఎగిరిపోయిందా, సున్నా జారిపోయిందా, ఒత్తు పడాల్సిన చోట పడిందా, అంతవరకే. పెళ్ళిపత్రిక అయినా, నీళ్ళ మోటార్ల కేటలాగు అయినా, చట్టం అయినా ఆమెకు ఒకటే. పుస్తకమంతా చదివి పక్కన పెట్టాక "అందులో ఏముందమ్మా?" అని ఎవరైనా అడిగితే "తప్పులు నూట పధ్నాలుగు" అనేది. ప్రెస్సులో వాళ్ళు పెట్టిన పేరే ఆమెకు పేరైపోయింది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినిపించదు.

అలాంటి మనిషి సోమవారం పొద్దున పదకొండో పేజీ దగ్గర ఆగిపోయింది.

అది గ్రంథాలయ సంస్థ వాళ్ళ నియమావళి. అరవై నాలుగు పేజీలు. నలభై శాఖల్లో ఉన్న కంప్యూటర్లలో ఇకమీదట ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలి, అంటే మిషను ఆన్ చెయ్యగానే లేచి మిగతా పనులన్నిటినీ నడిపించే ఆ పెద్ద ప్రోగ్రాము ఏదై ఉండాలి అని చెప్పే పుస్తకం. దానికి ఏ పేరు పెట్టాలో ఇంకా తేలలేదు. అందుకని పేరు రావలసిన చోటల్లా చుక్కలు పెట్టి పంపారు. ఇరవై ఏడు చోట్ల. పళ్ళూడిన నోరులా ఉంది పుస్తకం.

ఆమెను ఆపింది ఆ చుక్కలు కాదు. వాటి పైనున్న నాలుగో నియమం.

"ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ అనగా, వెల చెల్లించనవసరం లేకుండా గ్రంథాలయములకు లభించు ఏదేని ఆపరేటింగ్ సిస్టమ్."

ఒక్క తప్పు లేదు. కామా ఉండాల్సిన చోట ఉంది, చుక్క ఉండాల్సిన చోట ఉంది. అయినా పెన్ను కింది వరసకు దిగనంటోంది. ఒత్తులమ్మ వాక్యాన్ని వెనక నుంచి ముందుకు ఒక్కో మాటా చదివింది. కంటిని మోసపోనివ్వకుండా ప్రూఫు రీడర్లు చేసే పని అది. అలా చదివినా తప్పు దొరకలేదు. బల్ల కింద కాలు దానంతటదే ఊగడం మొదలుపెట్టింది. చెప్పు నేలకి టపటపా కొట్టుకుంటోంది.

ఆ చప్పుడుకి ఫోర్‌మన్ లేచి వచ్చాడు. "ఏంటమ్మా, ఆ పేజీ దగ్గరే కాపురం పెట్టావు?"

"ఇది చూడండి."

చూశాడు. కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి మళ్ళీ చూశాడు. "బానే ఉందిగా. తప్పేది?"

"తప్పు లేదు. అదే నా బాధ."

"తప్పు లేని చోట తప్పు వెతకడం అత్తగార్ల పని. మనది కాదు." ఆయన కాయితం తిరిగి బల్ల మీద పెట్టాడు. "అర్థాలు రాయించినవాళ్ళు చూసుకుంటారు. మనం అక్షరాలు చూసుకుందాం. శుక్రవారం మధ్యాహ్నానికి ప్రింటార్డరు రావాలి, గుర్తుందిగా?"

ఆమెకు గుర్తుంది. గుర్తున్నది ఇంకొకటి కూడా ఉంది. మూడు వారాలుగా తమ్ముడు ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ ఆ కంప్యూటర్ల గొడవే చెబుతున్నాడు. బట్టలు మడతపెడుతూనో, తాళంచెవులు వెతుక్కుంటూనో సగం చెవితో వింది. ఆ సగం చెవిలో పడ్డ మాట ఒకటి ఇప్పుడు పంటి కింద రాయిలా తగులుతోంది. ఉచితం వేరక్కా, స్వేచ్ఛ వేరు.

మార్జినులో ప్రశ్న గుర్తు వేసి చుట్టూ సున్నా చుట్టింది. ఇన్నేళ్ళలో మాటలకి ప్రశ్న గుర్తులు వేసింది గానీ, మొత్తం ఒక వాక్యానికి వెయ్యడం ఇదే మొదలు. వేశాక చెయ్యి వెనక్కి తీసుకుని, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసింది.

* * *

తమ్ముడికి చూపు లేదు. గ్రంథాలయంలో వినే గది అతని చేతిలో ఉంటుంది. చూపు లేనివాళ్ళు అక్కడికి వచ్చి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటే కంప్యూటర్ వాళ్ళకి పుస్తకాలు చదివి వినిపిస్తుంది. సాయంత్రం అతను ఇంటికి రాగానే ముందుగది నడకతో నిండిపోయింది. తలుపు నుంచి కిటికీ దాకా ఏడడుగులు, కిటికీ నుంచి తలుపు దాకా ఏడడుగులు. మధ్యలో ఉన్న స్టూలుని ఒక్కసారి కూడా తగలకుండా తప్పించుకుంటాడు.

"ఇవాళ కూడా తేలలేదక్కా. ఇంజనీరమ్మ ఉత్త లినక్స్ అంటే చాలంటుంది. మాస్టారు గ్నూ లినక్స్ అనకపోతే నోరు విప్పి మాట్లాడనంటారు."

వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న మరదలు కళ్ళు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "ఆ గ్నూ ఏంటో గానీ వదినా, నెల్లాళ్ళ నుంచి మా ఆయన నోట్లో నా పేరు కన్నా అదే ఎక్కువసార్లు పలుకుతోంది."

"నవ్వకు," అన్నాడు తమ్ముడు. "లినక్స్ అనేది మధ్యలో ఉండే గుండెకాయ. అదొక్కటే ఏం చేస్తుంది? దాని చుట్టూ కాళ్ళూ చేతులూ అన్నీ గ్నూ వాళ్ళు అంతకుముందే చేసిపెట్టారు. మనుషులకి స్వేచ్ఛ ఉండాలని పంతం పట్టి చేశారు. ఆ పేరు తీసేస్తే పంతం కూడా పోతుంది. రేపు పొద్దున ఎవరికీ ఎందుకు చేశారో గుర్తుండదు."

"పేరు సంగతి తర్వాత. ముందు ఇది విను." ఒత్తులమ్మ సంచిలోంచి ప్రూఫు తీసింది. నాలుగో నియమం చదివింది.

"ఊఁ. అది గుమాస్తా రాసి ఉంటాడు. పేరు తేలాక చూద్దాంలే."

"మళ్ళీ విను." ఈసారి ఒక్కో మాటా విడదీసి, ప్రెస్సులో ఎదుటివాళ్ళకి వినిపించినట్టు చదివింది.

కిటికీ దగ్గర నడక ఆగింది. తమ్ముడు తల కాస్త పక్కకి వంచాడు. "ఏదేని అని ఉందా?"

"ఏదేని అనే ఉంది."

"వెల లేకుండా లభించు ఏదేని." తడుముకుని స్టూలు మీద కూర్చున్నాడు. "అయితే ఆ కంపెనీది కూడా వచ్చేస్తుందిగా!"

ఒక కంపెనీ వాళ్ళు వినే గదికి నాలుగు కొత్త మిషన్లు ఊరికే ఇచ్చారు. వాటిలో ఉన్న సిస్టమ్ వాళ్ళది, తాళం వాళ్ళది. ఆ మిషన్లు అర్థాన్ని అర్ధం అని చదువుతాయి. వినే గదికి వచ్చే ఒక అమ్మాయి ఆ మిషను మీద విని విని, పరీక్షలో పేపరు పొడుగునా 'అర్ధశాస్త్రం' అని టైపు చేసి వచ్చింది. సగం శాస్త్రం. దిద్దినవాళ్ళు ఒకరికొకరు చూపించుకుని నవ్వారట. ఆ సంగతి ఆ అమ్మాయికి కూడా తెలిసింది. ఆమె మళ్ళీ వినే గదికి రాలేదు.

"మన పాత మిషన్లు కూడా మొదట్లో అలాగే చదివేవి," అన్నాడు తమ్ముడు. "నేనూ ఇంజనీరమ్మా కూర్చుని ఒక్క మధ్యాహ్నంలో విప్పి సరిచేశాం. కంపెనీకి ఏడు నెలల కిందట ఉత్తరం రాశాం. 'తర్వాతి కూర్పులో పరిశీలిస్తాం' అన్నారు. ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు." అతను వేళ్ళు ముడవడం మొదలుపెట్టాడు. "వాడుకోవాలి. విప్పి చూసుకోవాలి. మార్చుకోవాలి. మార్చింది పదిమందికి పంచుకోవాలి. ఈ నాలుగు హక్కులూ ఉంటేనే స్వేచ్ఛ. ఊరికే ఇచ్చినంత మాత్రాన కాదు. ఈ వాక్యం అచ్చయితే పాత మిషన్లన్నీ ఎత్తేసి కంపెనీవి పెట్టేస్తారక్కా. నియమం ప్రకారమే పెడతారు."

"మరి మూడు వారాలుగా అంతమంది కూర్చుని ఇది చూడలేదా?"

తమ్ముడు ముడిచిన వేళ్ళు విప్పేశాడు. "పేరు దగ్గరే ఉండిపోయాం," అన్నాడు. "రేపు సమావేశానికి నువ్వు రా. నువ్వే చదువు."

* * *

మంగళవారం ఆమె సగం రోజు సెలవు పెట్టింది. గ్రంథాలయం మేడ మీద పొడుగాటి బల్ల చుట్టూ నియమావళి కోసం వేసిన కమిటీ వాళ్ళు పన్నెండు మంది కూర్చున్నారు. పైన పంకా తిరిగినప్పుడల్లా కిర్రుమంటోంది. దాన్ని ఎవరూ ఆపరు. ఆపితే ఉక్క.

మాస్టారు రిటైరైన లెక్కల మాస్టారు. తమ్ముడికి చేతివేళ్ళతో జామెట్రీ నేర్పిన మనిషి. ఇంజనీరమ్మ నలభై శాఖల మిషన్లనూ చూసుకునే మనిషి. చీర కొంగు బొడ్లో దోపుకుని బల్లల కిందకి దూరి వైర్లు సరిచెయ్యడం అందరూ చూసిందే. ఇద్దరూ మంచివాళ్ళే. కాకపోతే మూడు వారాలుగా ఒకరు కూర్చున్న వైపు ఇంకొకరు కూర్చోవడం లేదు.

"నోరు తిరిగే పేరు పెట్టండి మాస్టారూ. జనం లినక్స్ అంటున్నారు, అననివ్వండి," అంది ఇంజనీరమ్మ.

"జనం అన్నదల్లా ఒప్పయితే రెండు రెళ్ళు అయిదు కూడా ఒప్పే," అన్నారు మాస్టారు. "ఇల్లు కట్టినవాళ్ళని వదిలేసి వాసాలు ఎత్తినవాడి పేరు పెడతారా?"

"గ్నూ ఒక్కటే కడితే ఎప్పటికి పూర్తయ్యేదట? గుండెకాయ కోసం ఎన్నేళ్ళు కూర్చున్నారు?"

"కూర్చోలేదమ్మా, పనిచేశారు!"

ఒత్తులమ్మ చివరి కుర్చీలో కూర్చుంది. ప్రూఫు ఒళ్ళో పెట్టుకుని దాని మూల మడుస్తూ, సాఫు చేస్తూ ఉంది. కుడికాలు ఊగుతోంది. రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ ఆ సందులోకి ఎవరో ఒకరు దూరిపోయారు. చివరికి లేచి నిలబడింది.

"పదకొండో పేజీ ఎవరైనా చదివారా?"

పంకా కిర్రుమంది. "ఎవరమ్మా మీరు?" అని అడిగాడు సంస్థ కార్యదర్శి. బల్లకి తలవైపు కూర్చున్న మనిషి. వాచీ విప్పి తన ముందు పెట్టుకున్నాడు.

"ప్రూఫు చూస్తానండీ." ఆమె నాలుగో నియమం చదివింది. ఒక్క అక్షరం కూడా పొల్లుపోలేదు. "ఇది ఇలా ఉంటే పేరు ఏది పెట్టినా దాంట్లో ఏదైనా దూరుతుంది."

మాస్టారు తల ఆడించారు. "నిజమే. అందుకే పేరు సరిగ్గా ఉండాలంటున్నాను. పేరు సరిపడితే అర్థం దానంతటదే సరిపడుతుంది."

"అది కంగారుగా రాసింది లెండి," అంది ఇంజనీరమ్మ. "వచ్చే కూర్పులో మార్చుకోవచ్చు. ముందు పేరు తేలిస్తే నేను వెళ్ళి మిషన్లు చూసుకుంటాను."

"పాఠం ఖరారైపోయింది," అన్నాడు కార్యదర్శి. "పేరొక్కటే మిగిలింది. శుక్రవారం లోపల ఇవ్వకపోతే నేనే ఏదో ఒకటి పెట్టేస్తాను."

ఆ మాటకి మిగతా పదకొండు మందీ ఒక్కసారి లేచారు. అందరికన్నా ముందు లేచినవాడు తమ్ముడు. "మీరెలా పెడతారండీ? గ్నూ లేకుండా పెడితే మేమంతా రాజీనామా చేస్తాం!" అని అరిచాడు. పదకొండో పేజీ మళ్ళీ ఒత్తులమ్మ ఒళ్ళోకి వచ్చింది.

తిరిగి వెళ్తున్నప్పుడు తమ్ముడు ఎప్పటిలాగే ఆమె మోచేయి పట్టుకుని నడిచాడు. ఆమె రోజూ కన్నా తొందరగా నడుస్తోంది. అతని అడుగు తడబడింది.

"నిదానంగా అక్కా."

"నువ్వే రమ్మన్నావు. నువ్వే చదవమన్నావు. చదివితే నీ నోట్లోంచి కూడా పేరే వచ్చింది."

"కోపంలో వచ్చింది. అయినా పేరంటే చిన్న సంగతేం కాదు. నీకు తెలీదు."

"నాకు తెలీదులే. ముప్ఫయ్యేళ్ళు అక్షరాలు ఏరుకుంటూ బతికినదాన్ని. పేర్లు లేకుండా బతకడం మాత్రం నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు."

ఎందుకు అందో ఆమెకే తెలియలేదు. అడుగు మాత్రం నెమ్మది చేసింది.

* * *

బుధవారం కార్యదర్శి ఊళ్ళో లేడు. ఆ రోజు ఒత్తులమ్మ పెళ్ళిపత్రికలో పెళ్ళికొడుకు ఇంటిపేరులో ఒక అక్షరం వదిలేసింది. మిషను ఎక్కబోతుండగా ఫోర్‌మన్ పట్టుకున్నాడు. కాయితం ఆమె ముందు పెట్టి, ఖాళీ ఉన్నచోట వేలు పెట్టి చూపించి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

గురువారం పదింటికి ఆమె కార్యదర్శి గది బయట బల్ల మీద కూర్చుంది. పన్నెండయింది. ఎదుటి గోడ మీది నోటీసులన్నీ చదివేసింది. తొమ్మిది తప్పులు. లేచి తాగునీటి కుండీ దాకా వెళ్ళింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. దాహం లేకపోయినా మూడోసారి నీళ్ళు తాగింది. పన్నెండున్నరకి లోపలికి పిలిచారు.

కార్యదర్శి ఫైళ్ళ వెనక ఉన్నాడు. దగ్గర నుంచి చూస్తే సమావేశంలో కనిపించినంత పెద్దమనిషేం కాదు. కళ్ళ కింద నల్లగా ఉంది.

"పేరు తెచ్చారా?"

"లేదండీ. పదకొండో పేజీ."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "ఉచితం అంటే అందరికీ అర్థమవుతుందమ్మా. స్వేచ్ఛ గీచ్ఛ అంటే ఎవరికి అర్థమవుతుంది? కంప్యూటరుకి స్వేచ్ఛ ఏంటని అడుగుతారు."

"కంప్యూటరుకి కాదండీ. దాని ముందు కూర్చున్న మనిషికి." ఆమె ఆ పరీక్ష రాసిన అమ్మాయి సంగతి చెప్పింది. అర్థం, అర్ధం అని రెండు మాటలూ కాయితం మీద పక్కపక్కన రాసి చూపించింది. "మన మిషన్లు అయితే మనవాళ్ళే విప్పి సరిచేశారు. ఆ నాలుగింటినీ విప్పనివ్వరు. ఊరికే ఇచ్చారు గానీ తలుపు తాళం వాళ్ళ జేబులో ఉంది."

ఆయన ఆ రెండు మాటలనూ చాలాసేపు చూశాడు. ఆయనకి తేడా వెంటనే దొరకలేదని ఆమెకు తెలిసిపోయింది. సాయం చెయ్యలేదు.

"సరే, ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు? పాఠం ఖరారైపోయింది కదా."

"మార్చమని అడగడానికి నేనెవర్నండీ? నేను ప్రశ్న పెట్టాను, అంతే." మార్జినులో సున్నా చుట్టిన గుర్తుని చూపించింది. "ప్రశ్న పెడితే రాయించినవాళ్ళు పక్కన జవాబు రాసి సంతకం చెయ్యాలి. అది ప్రెస్సు రూలు. ఉంచమంటే 'ఉంచుడు' అని రాసి సంతకం పెట్టండి. ఈ ప్రూఫు అయిదేళ్ళు మా బీరువాలో ఉంటుంది."

ఆయన పెన్ను మూత తీశాడు. ప్రూఫు దగ్గరికి లాక్కున్నాడు. 'ఉ' రాయబోయి ఆగాడు. బీరువా, అయిదేళ్ళు అన్న మాటలు ఆయన మొహంలో మెల్లగా తిరిగాయి. రేపు నలభై శాఖల్లో ఎవరైనా గొడవ చేస్తే, ఈ వాక్యం ఉంచమన్నది ఎవరని అడిగితే, జవాబు ఆ బీరువాలో దొరుకుతుంది.

పెన్ను కింద పెట్టాడు. "మార్చాలంటే ఎలా మార్చాలంటారు?"

తమ్ముడు వేళ్ళు ముడిచి లెక్కపెట్టిన నాలుగు హక్కులూ ఒత్తులమ్మ నోట పలికాయి. ఆయన రాసుకున్నాడు. "స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ అనగా, ఎవరైనను వాడుకొనుటకు, విప్పి చూచుటకు, మార్చుకొనుటకు, మార్చినదానిని ఇతరులతో పంచుకొనుటకు హక్కు గల ఆపరేటింగ్ సిస్టమ్." రాసి, చదువుకుని, సంతకం పెట్టాడు. ఆమె ఊపిరి వదిలేలోపల ప్రూఫు మీద అరచెయ్యి ఉంచాడు.

"ఇది నేను చేశాను. ఇక పేరు. వాళ్ళకి ఈ జన్మలో తేలదు. నా దగ్గరొక పేరుంది. 'విజ్ఞాన దీపిక'. గ్నూ లేదు, లినక్స్ లేదు, ఎవరి గొడవా లేదు. ఇప్పుడే ఇక్కడే ఖాళీలన్నీ నింపించి ప్రింటార్డరు ఇచ్చేస్తాను. రెండూ కలిస్తేనే ఈ సంతకం చెల్లుతుంది. కాదంటారా, రెండూ రేపటి సమావేశానికి వెళ్తాయి."

రేపటి సమావేశం అంటే ఏమిటో ఆమె చూసే వచ్చింది.

"నా చేతిరాత బాగుండదు. మీరే రాయండి," అన్నాడాయన.

రాసింది. మొదటి పేజీలో రెండు, అయిదో పేజీలో నాలుగు. విజ్ఞాన దీపిక, విజ్ఞాన దీపిక. అచ్చం నోటుపుస్తకం అట్ట మీద పేరులా ఉంది. తమ్ముడు ఏడడుగులు నడిచి కిటికీ దగ్గర ఆగడం కళ్ళ ముందు కనిపిస్తూనే ఉంది. చెయ్యి ఆగితే మళ్ళీ కదలదేమోనని ఆపకుండా రాసింది. ఇరవై ఏడోది నింపేసరికి చూపుడువేలు మీద పెన్ను గీత పడింది.

* * *

ఇంట్లో ఆమే చెప్పింది. ఇంకొకరి నోట వింటే ఇంకా బాధ అని.

తమ్ముడు మొదట నియమం విన్నాడు. మొహం విప్పారింది. తర్వాత పేరు విన్నాడు.

"ఎవరు రాశారు?"

"నేనే."

"నీ చేత్తో రాశావా?"

"నా చేత్తోనే. ఇరవై ఏడుసార్లు."

"నువ్వెవరక్కా పేరు తీసెయ్యడానికి?" అరవలేదు. అరిచి ఉంటే ఆమె కూడా ఏదో ఒకటి అనేది. "ఎక్కడెక్కడి వాళ్ళో రూపాయి ఆశించకుండా కూర్చుని రాసిపెట్టారు. మనం చెయ్యగలిగింది వాళ్ళ పేరు ఒక్కసారి చెప్పడం. అది కూడా నీకు బేరానికే పనికొచ్చిందా?"

అతను చెప్పింది తప్పని ఆమె అనుకోవడం లేదు. తను చేసిందీ తప్పని అనుకోవడం లేదు. ప్రూఫులో ఇలాంటిది ఎదురైతే ఏ గుర్తు పెట్టాలో ఆమెకు తెలియదు.

శుక్రవారం ముందుగదిలో నడక లేదు. తమ్ముడు లోపలి గదిలో కూర్చున్నాడు. గ్రంథాలయానికి ఆమె మోచేయి పట్టుకోకుండా మరదలితో వెళ్ళాడు. "నాలుగు రోజుల్లో సర్దుకుంటాడులే వదినా," అంది మరదలు చెప్పులు వేసుకుంటూ. "నా మీద ఒకసారి పదకొండు రోజులు అలిగాడు. తలగడ జరిపానని."

ప్రెస్సులో పుస్తకం ఫారాలు అచ్చు మిషను ఎక్కాయి. పదకొండో పేజీ ఉన్న షీటు తడితడిగా బయటికి వస్తుంటే ఒకటి తీసి చూసింది. నాలుగో నియమం బాగా పడింది. దాని కింద విజ్ఞాన దీపిక కూడా బాగానే పడింది. ఆ షీటు ఎక్కడ పెట్టాలో తోచక చేతిలో పట్టుకుని మిషను చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"పని అయిపోయిందిగా, ఇంకా ఎందుకమ్మా ఆ తిరుగుడు?" అన్నాడు ఫోర్‌మన్.

* * *

మరుసటి బుధవారం అచ్చయిన పుస్తకాల మొదటి కట్ట గ్రంథాలయానికి చేర్చాలి. మామూలుగా అది ఆమె పని కాదు. తనే వెళ్తానంది.

వినే గది తలుపు దగ్గర కంపెనీ మిషన్లు నాలుగూ వైర్లు చుట్టేసి, గుడ్డ కప్పి ఉన్నాయి. మధ్యాహ్నం బండి వచ్చి తీసుకుపోతుందట. లోపల తమ్ముడు కీబోర్డు ముందు ఉన్నాడు. అతనికి ఒక పక్క మాస్టారు, ఇంకో పక్క ఇంజనీరమ్మ. ఇద్దరూ ఒకే బల్లకి కూర్చోవడం చూసి ఆమె గుమ్మంలోనే ఆగింది.

"మధ్యలో గీత ఉండాల్సిందే," అంటున్నారు మాస్టారు.

"గీత పెడితే మిషను దాన్ని కూడా చదువుతుంది మాస్టారూ. గ్నూ స్లాష్ లినక్స్ అంటుంది. వినేవాళ్ళు స్లాష్ ఎవరండీ, మూడో మనిషా అని అడుగుతారు."

"అడిగితే అడగనీ. చెబుదాం."

ఇంజనీరమ్మ తలతిప్పి ఆమెను చూసింది. "రండి రండి. మీ పదకొండో పేజీయే చేస్తున్నాం."

"అంటే?"

"శనివారం మేమంతా రాజీనామాలు రాద్దామని కూర్చున్నాం. రాజీనామాలో నియమం నెంబరు వెయ్యాలిగా, అందుకని కార్యదర్శి దగ్గర నకలు తీసుకుని మొదటిసారి మొత్తం చదివాం." ఆమె నవ్వింది. కొంచెం సిగ్గుపడుతున్నట్టుంది ఆ నవ్వు. "మార్చుకొనుటకు హక్కు గల అని ఉంది. ఏది మార్చుకోవచ్చో, ఏది కూడదో లేదు. అయితే పేరు కూడా మార్చుకోవచ్చుగా? కార్యదర్శిని అడిగితే, పుస్తకంలో ఉన్నదే చేస్తామంటున్నారు కదా, చేసుకోండి అన్నాడు. ఇక ఏ శాఖ మిషను మీద ఆ శాఖ వాళ్ళకి నచ్చిన పేరు. మాకు నచ్చిందేదో మాకింకా తేలలేదనుకోండి."

ఒత్తులమ్మ గొంతు తమ్ముడు విన్నాడని అతని వేళ్ళు ఆగడం బట్టి తెలిసింది. తర్వాత మళ్ళీ కదిలాయి.

ఆమె దగ్గరగా వచ్చింది. తెర మీద, మిషను లేవగానే పలకాల్సిన మాటలు రెండు వరసలుగా ఉన్నాయి. ఆమె కళ్ళు అలవాటు కొద్దీ కుడి నుంచి ఎడమకి వెనక్కి నడిచాయి.

"ఇది గ్నూ/లినక్స్. దీన్ని ఎన్నో దేశాల మనుషులు కలిసి చేశారు. దీన్ని చదవడానికి, మార్చడానికి మీకు స్వేచ్చ ఉంది."

"ఒత్తు పోయింది," అంది.

మాస్టారు కళ్ళద్దాలు సర్దుకున్నారు. ఇంజనీరమ్మ తెర మీదకి వంగింది. ఇద్దరికీ దొరకలేదు.

"ఎక్కడ?" అన్నాడు తమ్ముడు. ఆరు రోజుల తర్వాత ఆమెతో అన్న మొదటి మాట.

"స్వేచ్ఛలో. కింద ఉండాల్సింది ఒత్తు ఛ. నువ్వు మామూలు చ కొట్టావు."

"చెవికి తేడా తెలీలేదు."

"చెవికి తెలీదు. కంటికే సరిగ్గా తెలీదు." ఆమె సంచిలో చెయ్యి పెట్టి చిన్న కాయితం వెతికింది. తప్పు, దాని ఎదురుగా ఒప్పు రాసి అతనికి చెప్పేవాళ్ళకి ఇద్దామని.

ఆ గలగల తమ్ముడికి వినపడింది. "కాయితం ఎందుకక్కా?" కుర్చీలోంచి లేచి, వెనుకవైపు పట్టుకుని ఆమె వైపు తిప్పాడు. "కూర్చో. నువ్వే మార్చు."

"నేనా? నాకు ఈ అక్షరాలు ఎక్కడెక్కడ ఉంటాయో కూడా తెలీదు."

"వెతుక్కో."

ఆమె కుర్చీ అంచు మీద కూర్చుంది. ఒత్తు ఛ కోసం కీబోర్డంతా ఒక్కో మీటా చదివింది. తమ్ముడు చెయ్యి చాపి ఆమె వేలు పట్టుకుని ఒక మీట మీద పెట్టాడు. "ఇది నొక్కి పట్టుకుని, అది." తర్వాత ఇంకో మీట తనే నొక్కాడు, పాత అక్షరం పోయింది. ఆ చోట గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ నిలబడింది.

ఆమె చెయ్యి ఆగిపోయింది. ముప్ఫయ్యేళ్ళుగా ఆమె పక్కన రాసింది. ఎదురుగా రాసింది. అంచు మీద రాసింది. అసలు మాట మీద చెయ్యి పెట్టింది లేదు. తలెత్తి మాస్టారి వైపు చూసింది, ఇంజనీరమ్మ వైపు చూసింది. వాళ్ళు మళ్ళీ గ్నూకీ లినక్స్‌కీ మధ్య గీత గొడవలోకి వెళ్ళిపోయారు, ఒకరు వేలు ఆడిస్తున్నారు, ఇంకొకరు తల ఆడిస్తున్నారు.

"ఎవరైనా సంతకం పెట్టాలేమో," అంది తమ్ముడితో.

"ఎవరూ అక్కర్లేదు," అన్నాడు తమ్ముడు.

ఒత్తులమ్మ మీట నొక్కింది.